గేటు ముందు ఆగే బండి

బండి మళ్ళీ ఆ గేటు ముందే ఆగింది.

ఆగిన తీరు కూడా ఎప్పటిదే. ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ, మలుపు తిరిగాక దగ్గి, ఆకుపచ్చ గేటు కనిపించగానే ఊపిరి మానేసింది. సాయంత్రం వేళ, సన్నగా వాన పడుతోంది. అద్దాలబ్బాయి సెల్ఫ్ కొట్టాడు. గుర్రుగుర్రుమందే తప్ప అంటుకోలేదు. దిగి, బానెట్ ఎత్తి, అన్నీ తెలిసినవాడిలా లోపలికి తొంగి చూశాడు. నిజానికి అతనికి తెలిసింది కళ్ళజోళ్ళ సంగతొక్కటే. మెయిన్ రోడ్డు మీద చిన్న కళ్ళద్దాల షాపు నడుపుతాడు. అందుకే ఊరంతా అతన్ని అద్దాలబ్బాయి అంటుంది. ఎవరి కంటికి ఏ పవరో ఇట్టే చెప్పేస్తాడు గానీ, ఇంజన్ వైపు ఎంతసేపు చూసినా అతనికి ఇంజన్ తప్ప ఇంకేమీ కనిపించదు.

"ఏవండీ!"

గొడుగు ఒకటి గేటు దాటి వచ్చింది. గొడుగు కింద ఒక అమ్మాయి, ఆమె మొహంలో బోలెడంత కోపం.

"ఇది ఇల్లండీ, బస్‌స్టాప్ కాదు."

"నేను ఆపలేదండీ. బండే ఆగింది."

"ఎదురింట్లో ముసలాయన ఉన్నారు. పక్కింట్లో కుక్క ఉంది. వాళ్ళ గేట్ల ముందు ఒక్కసారైనా ఆగిందా?"

"ఆ మాట బండినే అడగండి."

"అడుగుతాను. ముందు దాని ఓనర్ సంగతి తేల్చుకుందామని."

ఆమె ల్యాబ్‌లో రక్తం తీస్తుందనీ, ఆమె సూది గుచ్చితే గుచ్చినట్టే తెలియదనీ, అందరూ సూదులమ్మాయి అంటారనీ వీధి చివరి కొట్టతను అంతకుముందే చెప్పాడు. చూపులు మాత్రం బాగా గుచ్చుకుంటాయని చెప్పలేదు. అద్దాలబ్బాయి ఆ సంగతి స్వయంగా తెలుసుకుంటూ ఉండగా, ఇంట్లోంచి ఒక ముసలావిడ బయటికి వచ్చింది.

ఆవిడ రెయిలింగ్ పట్టుకుని మెల్లగా మెట్లు దిగింది. వానని పట్టించుకోలేదు, వాళ్ళిద్దరినీ అంతకన్నా పట్టించుకోలేదు. గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి, ఒక పక్కకి ఒదిగి నిలబడింది. కారు లోపలికి వస్తుంటే దారి ఇచ్చేవాళ్ళు నిలబడే పద్ధతి అది. కానీ కారు రోడ్డు మీదే ఉంది, చచ్చినట్టు పడి ఉంది. ఆవిడ తల మాత్రం నెమ్మదిగా తిరిగింది. గేటు దగ్గర మొదలైన చూపు వాకిలి మీదుగా సాగి వసారా దాకా వెళ్ళి ఆగింది.

"తడిసిపోయారా?" అంది, వసారా వైపు చూస్తూ.

అక్కడ ఎవరూ లేరు. ఆవిడ గేటు మూసి, వచ్చిన దారినే లోపలికి వెళ్ళిపోయింది.

అద్దాలబ్బాయి పక్కకి తిరిగి చూశాడు. సూదులమ్మాయి మొహంలో కోపం ఎప్పుడు పోయిందో తెలియదు, ఇప్పుడు అక్కడ భయం ఉంది.

"చూశారు కదా. మీ బండి చప్పుడు విని మా అమ్మమ్మ అలా అయిపోతోంది," అంది. "ఇదివరకు సాయంత్రం పూట కిటికీ దగ్గర కూర్చుని 'తాతయ్య బండి వచ్చింది' అనేది, అంతే. తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది. మీరు ఇక్కడ ఆగడం మొదలుపెట్టాక కిందికి దిగి గేటు తీస్తోంది. దయచేసి ఇంకో దారిలో వెళ్ళండి."

"వంతెన పని అయ్యేదాకా ఇంకో దారి లేదండీ."

"అయితే బండి బాగుచేయించండి!"

ఆమె విసవిసా వెళ్ళిపోయింది. కాసేపటికి అతను సెల్ఫ్ కొడితే, బండి ఏమీ జరగనట్టే అంటుకుంది.

మెకానిక్‌కి చూపించకపోలేదు. ఫిల్టరు మార్చారు, పంపు కడిగారు. బండి ఆ ఎత్తు దాకా రాచఠీవితో వెళ్ళేది. ఆకుపచ్చ గేటు చూడగానే దగ్గేది. "సార్, మీ బండికి ఏదో దయ్యం పట్టింది," అని మెకానిక్ నవ్వాడు. అద్దాలబ్బాయి కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు షాపు దాకా రాలేదు.

తర్వాత శనివారం బండి ఆగేసరికి సూదులమ్మాయి గేటు దగ్గరే కాచుకుని ఉంది. ఈసారి దెబ్బలాడలేదు. బండి చుట్టూ తిరిగింది, వంగి కిందికి చూసింది. ఎడమ పక్కన పెట్రోల్ పైపు నేరుగా వెళ్ళకుండా మధ్యలో పైకి తిరిగి సీటు కిందికి దూరడం కనిపించింది. ఆమె గబుక్కున లేచి వెనక తలుపు తీసి, మెరూన్ రంగు లేచిపోయిన అంచుని గోటితో గీకింది. అడుగున తెలుపు బయటపడింది.

"ఈ బండి ఎవరి దగ్గర కొన్నారు?"

"ఒకాయన దగ్గర. ఆయన ఇంకొకాయన దగ్గర కొన్నాడట. ఏమైంది?"

"ఇది మా తాతయ్య బండి. అప్పట్లో తెల్లగా ఉండేది."

అద్దాలబ్బాయి తను ఇన్నాళ్ళూ కూర్చున్న సీటు వైపు చూసి, అప్రయత్నంగా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"భయపడకండి, దీనికి కారణం ఉంది," అందామె. అతనికి చెప్పినట్టు లేదు, తనకి తనే గట్టిగా చెప్పుకుంటున్నట్టు ఉంది. "తాతయ్య వెనక సీటు కింద సొంతంగా రెండో ఫిల్టరు పెట్టారు. మీ మెకానిక్‌లు ముందుదే మార్చి ఉంటారు. ట్యాంకులోనూ పైపులోనూ తుప్పు పట్టింది. ఎత్తు ఎక్కేటప్పుడు తుప్పంతా వెనక్కి జారి పైపు మూతికి అడ్డం పడుతుంది. పైపులో మిగిలిన పెట్రోల్ ఇక్కడిదాకా సరిపోతుంది. కాసేపు ఆగితే తుప్పు కిందికి దిగిపోతుంది, బండి కదులుతుంది. అంతే. ఇందులో ఇంకేమీ లేదు."

"ఇవన్నీ మీకెలా తెలుసు?"

"చిన్నప్పుడు తాతయ్యకి స్పానర్లు అందించింది ఎవరనుకున్నారు? రేపు పొద్దున్నే బండి లోపలికి తీసుకురండి. పైపు, ఫిల్టరు నేనే మారుస్తాను. ఆ తర్వాత మీరు ఇక్కడ ఆగరు, అమ్మమ్మ గేటు తియ్యదు." గొంతు తగ్గించి అంది. "మావయ్య వస్తానంటున్నాడు. అమ్మమ్మకి మతి తప్పిందట. తనతో తీసుకెళ్ళి అలాంటివాళ్ళని ఉంచే చోట చేర్పిస్తాడట. అమ్మా నాన్నా ఉద్యోగాలకని దూరంగా ఉన్నారు, నేనూ అమ్మమ్మా ఒకరికొకరం. ఇది ఆగిపోవాలి."

మర్నాడు పొద్దున్నే బండి వాకిట్లోకి వచ్చింది. అమ్మమ్మ వసారాలో కుర్చీ వేసుకుని, ఉన్ని అల్లుకుంటూ కూర్చుంది. సొంత ఇంటికి వచ్చిన బండిని చూసి ఆశ్చర్యపోనూ లేదు, దాని మీద చెయ్యి వేయనూ లేదు. అద్దాలబ్బాయిని చూసి మాత్రం, "టీ తాగావా బాబూ?" అని అడిగింది. మతి తప్పినవాళ్ళు ఇంత మామూలుగా అడుగుతారా అనుకున్నాడు అతను.

"ముందు బ్యాటరీ వైరు పీకండి," అంది సూదులమ్మాయి, జుట్టు ముడివేసుకుంటూ.

"ఎందుకు?"

"పెట్రోల్‌తో పని. ఒక్క నిప్పురవ్వ పడిందంటే ఇద్దరం కలిసి పేపర్లో పడతాం."

"ఫొటో కూడా వేస్తారా?"

"వేస్తారు. ఎవరూ గుర్తుపట్టలేరు."

జాకీతో బండి లేపి, కింద స్టాండ్లు పెట్టి, ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం వేశారు. రబ్బరు గొట్టంతో ట్యాంకులో పెట్రోలంతా డబ్బాలోకి దించారు. చివర్లో వచ్చింది పెట్రోల్‌లా లేదు, డికాషన్‌లా ఉంది. ట్యాంకు విప్పి, తుప్పు రాలడానికి లోపల గుప్పెడు నట్లు, కొంచెం పెట్రోల్ పోసి, చెరో పక్కా పట్టుకుని ఊపారు. పసిపిల్లని ఉయ్యాల ఊపినట్టు మొదలైన పని, కాసేపటికి ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు లాక్కునే దాకా వెళ్ళింది.

"మీరు ఊపుతున్నారా, వేలాడుతున్నారా?"

"మీ చేతిలో బలం ఉంది కదా అని..."

"రోజూ జనం చేతులు పట్టుకోవడమే కదా నా పని. గుంజుకునేవాళ్ళే ఎక్కువ."

"నేనైతే గుంజుకోను."

నోరు జారాక గానీ అతనికి తెలియలేదు. ఆమె ట్యాంకులోకి చూస్తున్నట్టు తల వంచుకుంది. వసారాలో అల్లికపుల్లల చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

పైపు సంగతి ఇంకా ఘోరం. చెయ్యి వేస్తే తుప్పు పొలుసులు పొలుసులుగా రాలింది. ఒకచోట వేలితో నొక్కితే పైపే లోపలికి దిగబడింది.

"ఇంకొన్నాళ్ళు ఆగుంటే పెట్రోల్ సైలెన్సర్ మీద కారేది," అందామె నెమ్మదిగా.

"అప్పుడు పేపర్లో ఒక్కణ్ణే పడేవాణ్ణి."

ఆమె నవ్వలేదు. తుప్పు వదిలించే నూనె చల్లిన నట్లని వెంటనే తిప్పబోతే అతని చెయ్యి పట్టి ఆపింది. "నరం దొరకనప్పుడు సూదిని అటూ ఇటూ తిప్పకూడదు. ఆగాలి. ఇదీ అంతే." ఆగారు. ఆగినంతసేపూ ఆమె తన చెయ్యి తియ్యడం మర్చిపోయింది. గుర్తు చేసేంత తెలివితక్కువవాడు కాదు అతను.

నట్లు ఊడాక పాత పైపు తీసేశారు. కొత్త పైపుని ఒక డబ్బా చుట్టూ మెల్లగా ఒంచి, నొక్కుకుపోకుండా ఆమె పాతదాని వంపులన్నీ తెచ్చింది. వెనక సీటు ఎత్తితే స్క్రూలతో బిగించిన రేకు, దాని కింద తాతయ్య ఫిల్టరు. అది నల్లబడి, రాయిలా బరువెక్కి ఉంది. తెల్ల కాగితం మీద విదిలిస్తే ఎర్రటి బురద కుప్పగా పడింది.

"బండి అమ్మేటప్పుడు ఇది ఉందని ఎవరికీ చెప్పలేదా?"

"తెలిసింది నాకొక్కదానికే. అప్పుడు అమ్మొద్దని ఏడుస్తున్నాను. ఏడుస్తూ ఫిల్టరు గురించి ఎలా చెప్తాను?"

కొత్త ఫిల్టరు అతనే పెట్టాడు. తలకిందులుగా పెట్టాడు. "దాని మీది బాణం ఇంజన్ వైపు ఉండాలి మహాశయా," అని ఆమె నెత్తి మీద ఒకటి మొట్టింది. మొట్టాక ఇద్దరికీ సిగ్గేసింది.

"ఇప్పుడు పైపు ఊదాలి," అందామె తొందరగా. "లోపల ఏమైనా అడ్డం ఉందేమో చూడాలి. నేను ముందు నుంచి ఊదుతాను, మీరు వెనకాల చెంప పెట్టి చూడండి."

అతను బండి కింద వెనక వైపు పడుకుని పైపు మూతికి చెంప ఆనించాడు. బండి అవతలి కొసన ఉన్న అమ్మాయి ఊపిరి, సీటు కింది నుంచి, తాతయ్య ఫిల్టరు ఉన్న చోటు నుంచి ప్రయాణం చేసి, వెచ్చగా వచ్చి అతని చెంపని తాకింది. అతను కళ్ళు మూసుకున్నాడు. ప్రేమలో పడడానికి బండి కింద చోటు ఏమంత బాగుండదు, వీపుకి రాళ్ళు గుచ్చుకుంటాయి. అయినా పడ్డాడు.

"వస్తోందా?"

"వస్తోంది."

"చాలా?"

"ఇంకొంచెం ఊదండి, సరిగ్గా తెలియడం లేదు."

"అబద్ధాలు!" అంటూ ఆమె నవ్వింది. నవ్వుతూనే నడిచి వచ్చి, అతని తల దగ్గర నిలబడి కింది జాయింటుకి క్లిప్పు వెతుక్కుంటోంది.

ఆమె చెప్పులు అతని కళ్ళ ముందే ఉన్నాయి. పైపులోంచి మాత్రం ఊపిరి ఇంకా వస్తూనే ఉంది. మెల్లగా, లోతుగా, నిద్రపోతున్న పెద్దమనిషి ఊపిరిలా వచ్చి చెంపకి తగిలి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చి తగిలింది. అద్దాలబ్బాయి చెంప తియ్యకుండా అలాగే పడుకున్నాడు. కాసేపటికి అది దానంతట అదే ఆగిపోయింది. బయటికి పాకి వచ్చాక ఆమె, "ఏంటి అలా ఉన్నారు?" అంటే, "పెట్రోల్ వాసనకి తల తిరిగింది," అన్నాడు.

ట్యాంకు మళ్ళీ ఎక్కించి, చివరి జాయింటు బిగించేలోపే వెలుగు తగ్గింది. వీధిలో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. బండి ఇంకా స్టాండ్ల మీదే ఉంది. ట్యాంకులో చుక్క పెట్రోల్ లేదు, బ్యాటరీ వైరు పీకి ఉంది. ఇద్దరూ గట్టు మీద కూర్చుని చేతులు తుడుచుకుంటున్నారు.

అప్పుడు ఎత్తు కింద ఒక బండి చప్పుడు వినిపించింది.

అది ఎత్తు ఎక్కింది. మలుపు తిరిగింది. దగ్గరికి వస్తూ, వస్తూ, గేటు అవతల నిలిచింది. ఆ చప్పుడు అతనికి తెలియనిది కాదు. రోజూ దాని లోపల కూర్చుని వినేదే. ఆ చప్పుడు చెయ్యాల్సిన బండి మాత్రం ఎదురుగా, వెనక చక్రాలు రెండూ నేలకి ఆనకుండా నిలబడి ఉంది. గేటు ఊచల్లోంచి రోడ్డు ఖాళీగా కనిపిస్తోంది.

అమ్మమ్మ అల్లిక పక్కన పెట్టి, మెట్లు దిగి, గేటు తెరిచి పక్కకి ఒదిగి నిలబడింది.

సూదులమ్మాయి స్పానర్ గట్టు మీద పెట్టేసి అతని వైపు తిరిగింది. "విన్నారా?" అంది. "మీకు... మీకేమైనా వినపడిందా?"

అతనికి భయం వేసింది, అది నిజం. ఔనంటే ఈ పిల్ల ఇంకా భయపడుతుంది, లేదంటే ధైర్యంగా ఉంటుంది అనుకున్నాడు, అదీ నిజం. ఈ రెండిట్లో ఏది ముందో అతనికే తెలియదు. నోరు మాత్రం తనంతట తనే అనేసింది.

"ఏంటి? నాకేం వినపడలేదే."

ఆమె అతని మొహంలోకి చాలాసేపు చూసింది.

"అయితే నాకొక్కదానికే," అంది.

ఆమె లేచింది. చివరి క్లిప్పు బిగించింది, డబ్బాలో తెచ్చిన కొత్త పెట్రోల్ పోసింది, బ్యాటరీ వైరు పెట్టించింది. ఇంజన్ ఆడుతుంటే జాయింట్లన్నీ పొడిగుడ్డతో తుడిచి, గుడ్డని దీపం కింద పెట్టి చూసింది. ఎక్కడా చెమ్మ లేదు. "ఇక ఆగదు. వెళ్ళండి," అంది.

నిజంగానే ఆగలేదు. ఆ వారమంతా బండి గుర్రంలా ఎత్తు ఎక్కి, మలుపు తిరిగి, ఆకుపచ్చ గేటుని చూడనైనా చూడకుండా దూసుకుపోయింది. అద్దాలబ్బాయి దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. గేటు దగ్గర ఎవరూ కనిపించలేదు. మేడ మీది కిటికీ మూసి ఉంది. షాపులో ఒకాయనకి ఎడమ కంటి అద్దం కుడి కంటికి బిగించి ఇచ్చాడు. ఆయన గుమ్మం దాటకముందే గోడకి కొట్టుకున్నాడు.

ఆదివారం సాయంత్రం షాపు తలుపు తోసుకుని అమ్మమ్మ వచ్చింది. కళ్ళజోడు తీసి కౌంటర్ మీద పెట్టింది.

"స్క్రూ వదులైంది బాబూ."

అతను బిగిస్తున్నాడు. ఆవిడ స్టూలు మీద కూర్చుని, పక్కింటి కబురు చెప్తున్నంత తేలిగ్గా మొదలుపెట్టింది.

"ఇవాళ మా అబ్బాయి వస్తున్నాడు, నన్ను తీసుకెళ్ళడానికి. నా సంగతి వదిలెయ్. నా మనవరాలు చెవుల పరీక్ష చేయించుకుంది. చెవులు భేషుగ్గా ఉన్నాయట. అప్పట్నుంచి మరీ కుంగిపోయింది. చెవులది కాకపోతే మతిది అనుకుంటోంది. అమ్మమ్మకి వచ్చింది నాకూ వచ్చింది, నేను పెళ్ళీ గిళ్ళీ చేసుకోను, ఒకళ్ళ జీవితం పాడు చెయ్యను అంటోంది. ఆఖరికి వాళ్ళ మావయ్యతో తనూ వచ్చి డాక్టర్‌కి చూపించుకుంటుందట."

అతను స్క్రూ బిగించి కళ్ళజోడు ఆవిడ ముందు పెట్టాడు.

"మా ఆయన పోయారని నాకు తెలుసు బాబూ. చివరిదాకా పక్కనే ఉన్నాను. అయినా సాయంత్రమైతే బండి వస్తుంది, ఏం చెయ్యను? నువ్వు గేటు ముందు ఆగడం మొదలెట్టాక, ఇంకొకళ్ళెవరైనా వింటారేమోనని కిందికి దిగుతున్నాను. పైనుంచి చూస్తే మొహాలు కనిపించవు కదా." ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అతని మొహంలోకి సూటిగా చూసింది. "పోయిన ఆదివారం చప్పుడు రాగానే నువ్వు గేటు వైపు తల తిప్పావు. మా మనవరాలి కంటే ముందే తిప్పావు. ఏమీ వినపడనివాడు ఎందుకు తల తిప్పుతాడు?"

అద్దాలబ్బాయి తల వంచుకున్నాడు.

"నిన్ను తప్పు పట్టడం లేదు. అబద్ధం ఆడావంటే దాని మంచికే ఆడి ఉంటావు. కానీ ఆ మంచి వల్ల అది ఒంటరిదైపోయింది."

అద్దాలబ్బాయి షాపు మూసేశాడు. ఆవిడని బండిలో కూర్చోబెట్టుకుని ఎత్తు ఎక్కాడు. ఆకుపచ్చ గేటు రాగానే బ్రేకు వేశాడు.

వాకిట్లో మావయ్య ఉన్నాడు. పెద్ద సూట్‌కేసు దారి మధ్యలో పెట్టుకుని, ఫోన్లో ఎవరితోనో గదుల గురించి మాట్లాడుతున్నాడు. మెట్ల మీద సూదులమ్మాయి చిన్న బ్యాగుతో కూర్చుని ఉంది. అతన్ని చూసి లేచింది.

"బండి మళ్ళీ ఆగిందా? అన్నీ సరిగ్గానే బిగించానే."

"బండికేం కాలేదు. నేను మాట్లాడాలి." అతను గుక్క తిప్పుకోకుండా అన్నాడు. "ఆ రోజు నాకు వినపడింది."

ఆమె మొహం గట్టిపడింది. "అమ్మమ్మ చెప్పి పంపిందా? జాలిపడి చెప్పే మాటలు నాకొద్దు."

"జాలి కాదు. అడగండి, ఏం విన్నానో చెప్తాను."

"ఏం విన్నారు? బండి చప్పుడు, అంతేగా? అది అమ్మమ్మ కూడా చెప్తుంది."

"మలుపు దగ్గర గేరు మార్చారు. మార్చే ముందు, మధ్యలో ఒకసారి ఇంజన్ ఊరికే గట్టిగా అరిచింది. ఎందుకో నాకు తెలియదు. నేను ఎప్పుడూ అలా నడపలేదు. నాకు అలా నడపడం రాదు కూడా."

ఆమె బ్యాగు మెట్టు మీద పెట్టేసింది.

"తాతయ్య కుర్రతనంలో లారీ నడిపేవారు," అంది. "ఆ లారీలకి గేరు పడాలంటే మధ్యలో అలా రేజ్ చెయ్యాలి. కారు కొన్నాకా ఆ అలవాటు పోలేదు. నేను నవ్వేదాన్ని. అమ్మమ్మకి బండి అంటే బండే, గేర్లేంటో కూడా తెలియదు. ఈ మాట నేను ఎవరికీ..." ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. కళ్ళ నిండా నీళ్ళు. "నిజంగా విన్నారా? నిజంగానా?"

"పైపులో ఊపిరి కూడా తగిలింది. మీరు లేచి వచ్చాక. అది మీకు చెప్తే పారిపోతారనుకున్నాను. అసలు పారిపోవాలనుకున్నది నేను."

"మరి పారిపోలేదే?"

"మీరు చెయ్యి తియ్యడం మర్చిపోయారు కదా, ఆ నట్ల దగ్గర. ఇక ఎలా పోతాను? మీకు మతి తప్పితే నాకూ తప్పినట్టే. మీరు డాక్టర్ దగ్గరికి వెళ్తే నేనూ వస్తాను. మీరెక్కడికి వెళ్ళినా వస్తాను. నాకు మీరంటే ఇష్టం. చాలా రోజులుగా ఇష్టం."

మావయ్య ఫోను చెవి దగ్గరి నుంచి దించాడు. "ఏవయ్యా, ఎవరు నువ్వు? సంబంధం అడగాలంటే పెద్దవాళ్ళతో మర్యాదగా అడగాలి గానీ, దయ్యాల కబుర్లు చెప్పి..."

మాట పూర్తి కాలేదు. వీధిలో దీపాలు వెలిగాయి. ఎత్తు కింద ఒక బండి చప్పుడు మొదలైంది.

అది ఎత్తు ఎక్కింది. మలుపు దగ్గర గేరు మారే ముందు, ఊరికే ఒకసారి అరిచింది. సూదులమ్మాయి అద్దాలబ్బాయి వైపు చూసింది, అద్దాలబ్బాయి ఆమె వైపు చూశాడు. గేటు అవతల మెరూన్ బండి ఇంజన్ ఆపేసి, కదలకుండా నిలబడి ఉంది. అమ్మమ్మ వెళ్ళి గేటు తెరిచింది. వేడి పెట్రోల్ వాసన ఒకటి మెల్లగా వాకిట్లోకి వచ్చింది.

మావయ్య మొహంలో రంగు లేదు. వంగి, దారికి అడ్డంగా ఉన్న తన సూట్‌కేసుని పట్టుకుని, జాగ్రత్తగా పక్కకి లాగాడు.

అమ్మమ్మ చూపు వసారా దాకా వెళ్ళి ఆగింది.

"వచ్చారా," అంది. "ఇదుగో, ఈ అబ్బాయే. కళ్ళజోళ్ళు చేస్తాడు. మన పిల్లకి నచ్చాడు."

"అమ్మమ్మా! నేనెప్పుడు చెప్పాను?"

"నువ్వు చెప్తావా? వారం నుంచి మీ తాతయ్య అడుగుతున్నారు, ఆ కుర్రాడు మళ్ళీ రాలేదేమని."

అద్దాలబ్బాయి ఖాళీ వసారా వైపు తిరిగి చేతులు జోడించాడు. "నమస్కారం తాతయ్యగారూ," అన్నాడు. బదులుగా ఏమీ వినిపించలేదు గానీ, వసారాలో ఎవరూ లేని కుర్చీ, మనిషి కూర్చున్నప్పుడు కిర్రుమన్నట్టే కిర్రుమంది.

సూదులమ్మాయి చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది. రెండు చేతులూ మంచుగడ్డల్లా ఉన్నాయి.

"భయమేస్తోందా?" అని గుసగుసగా అడిగింది.

"చాలా."

"నాక్కూడా," అంది ఆమె సంతోషంగా.